నలుగురూ కలిసే నడుస్తున్నారు, తోడు మాత్రం కుదరలేదు: ప్రయాణ కథల మీద ఒక ప్రశ్న

కొండపల్లి బొమ్మ

అందరికీ నమస్కారం. ఒక జానపద ఫాంటసీ రాస్తున్నాను, సగం దాకా వచ్చింది. కథ ఇదీ: ఒక పెద్ద నది ఉన్నట్టుండి ఎండిపోతుంది. ఎందుకో తెలుసుకోవడానికి నలుగురు సముద్రం ఒడ్డు నుంచి నది పుట్టినచోటికి నడిచి వెళ్తారు. కొలువు పోయిన విలుకాడు, మూలికలు తెలిసిన అమ్మాయి, సంతల్లో మూటలు కొట్టేసే కుర్రాడు, ముసలి జంగం కథకుడు. బయల్దేరిన రోజే ఒక మాంత్రికుడి శాపం తగులుతుంది. నలుగురిలో ఎవరు నూరడుగుల కంటే దూరం వెళ్ళినా అందరూ రాళ్ళైపోతారు. అందుకని కలిసే నడవాలి.

పోరాటాలు బాగున్నాయంటున్నారు చదివినవాళ్ళు. కానీ "వీళ్ళు ఒకే బస్సు ఎక్కిన ప్రయాణికుల్లా ఉన్నారు, స్నేహితుల్లా లేరు" అని ఒకావిడ రాశారు. అప్పటి నుంచి అదే టెన్షన్. ఒకరి ప్రాణం ఒకరు కాపాడే సీన్లు పెట్టాను, అయినా అతకడం లేదు. మన పాత కథల్లో ఈ తోడు ఎలా పుట్టిస్తారో చెప్పండి. ఇంగ్లీషు ఫాంటసీలు చాలానే చదివాను, వాటి సంగతి వద్దు.

రెంటచింతల ఎండ

సింపుల్. ఒకణ్ణి చంపెయ్. మిగతా ముగ్గురూ ఏడుస్తారు, పాఠకులూ ఏడుస్తారు.

కొండపల్లి బొమ్మ

ముసలాయన్ని చంపుదామనే అనుకున్నా అన్నా. ఆయన పోతే ఎవరూ ఏడవరేమోనని ఆగాను. నా సమస్యే అది.

గోదారి గట్టు

కాశీమజిలీ కథలు తీయండి. మధిర సుబ్బన్న దీక్షితులు గారివి, పన్నెండు భాగాలు. అందరూ లోపలి కథల గురించే మాట్లాడతారు, రాజకుమారులు, గంధర్వకన్యలు వగైరా. మీకు పనికొచ్చేది వాటన్నిటికీ పైన ఉన్న చుట్టుకథ.

మణిసిద్ధుడనే బ్రహ్మచారి కాశీకి వెళ్ళాలనుకుంటాడు. ఒంటరిగా పోలేడు, తోడెవరూ రారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనుకునే రోజులవి. చివరికి దొరికినవాడు గోపుడు, పశువులు కాసుకునే కుర్రాడు. వాడికి కాశీ మీద మోజు లేదు, పుణ్యం గొడవ అసలే లేదు. ఉన్నదల్లా కథల పిచ్చి. దారిలో ప్రతి మజిలీలో తాను చూసిన వింత గురించి అడుగుతాడట, దాని కథ చెప్పాలి, చెప్పకపోతే అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతాడట. ఆ షరతు మీద బయల్దేరతాడు.

ఇక అక్కణ్ణుంచి ప్రతి మజిలీ ఒకే పద్ధతి. దిగుతారు. మణిసిద్ధుడు స్నానం, వంట పనిలో ఉంటాడు. గోపుడు ఊరు చూడ్డానికి పోతాడు. ఏదో ఒక శిలావిగ్రహమో, వింత శాసనమో చూసి పరిగెత్తుకొచ్చి ప్రాణం తీస్తాడు. "ముందు అన్నం తిను" అంటాడు ఆయన. తిన్నాక కథ. ఇన్ని వందల పేజీలు ఆ ఇద్దరి మీదే నిలబడ్డాయి. ఎక్కడా ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకోవడంతో ఆ స్నేహం మొదలు కాలేదు. ఒకడికి చెప్పే అవసరం, ఇంకొకడికి వినే ఆకలి. మీ నలుగురికీ ఒకరి దగ్గర ఒకరికి ఏం కావాలో ముందు రాసుకోండి.

పాలమూరు పిల్లగాడు

అన్నా, కథ బాగుంది గానీ గోపుడు వీరుడెట్ల అయితడు? వింటడు, తింటడు, నడుస్తడు. ఈయన అడిగింది సాహసం ఉన్న కథ గురించి.

గోదారి గట్టు

వీరుడని నేననలేదు తమ్ముడూ. తోడు అన్నాను. అయినా నువ్వడిగావు కాబట్టి, వాడు ప్రతి పొద్దునా వెనక్కి పోవచ్చు. పశువుల దగ్గరికి పోతే వాడి బతుకు వాడికుంది. పోకుండా ముందుకే నడిచాడు. దాన్ని ఏమంటావో నువ్వే చెప్పు.

సాహితి_ఖమ్మం

ఇదిగో, ఈ మాట దగ్గరే ఆగండి. బొమ్మ గారూ, మీ శాపమే మీ కొంప ముంచుతోంది.

నూరడుగులు దాటితే రాయైపోతారంటే ఇక ఎవరూ ఎవరినీ వదిలిపోలేరు. వదిలిపోలేనివాడు ఆగిపోయాడంటే అందులో గొప్పేముంది? విలుకాడు అమ్మాయిని రక్షించాడు అంటారు. రక్షించకపోతే వాడూ రాయే కదా. మీరు రాసిన ప్రతి సాహసం కిందా ఈ లెక్క ఉంది. పాఠకురాలికి అది బస్సు టికెట్టులా కనపడింది, తప్పేముంది!

గోపుడి దగ్గర మజా ఏమిటంటే, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ప్రతి రాత్రీ ఇద్దరికీ తెలుసు, రేపు వీడు ఉండకపోవచ్చని. మీ శాపం తీసేయండి. లేదా కథ మూడో వంతుకి వచ్చేసరికే దాన్ని విరిగిపోనివ్వండి. విరిగిన మర్నాడు ఎవరు మిగిలారో చూద్దాం.

రెంటచింతల ఎండ

శాపం తీసేస్తే కథలో ఇక పట్టేముంది? జనాలకి ఫైట్లు కావాలండీ. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో చదివేవాడికి మణిసిద్ధుడి వంట ఎందుకు?

సాహితి_ఖమ్మం

ఫైట్లు ఉండొద్దనలేదు. ఫైటు మొదలయ్యేసరికి పారిపోయే దారి ఒకటి కనపడాలి, అంతే.

పాత కాగితాలు

కల్పన పక్కన ఒక నిజం ప్రయాణం కూడా పెట్టుకోండి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ ఆయన, అంటే ఒకరి భాష ఇంకొకరికి తిప్పి చెప్పేవాడు. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పల్లకీ బోయీలు, వంటవాళ్ళు, ఇంటివాళ్ళు, అందరూ కలిసి వందమంది దాకా. హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ, అక్కణ్ణుంచి గయ, కలకత్తా, తిరుగుదారిలో తూర్పు తీరం వెంబడి పూరీ మీదుగా ఇంటికి.

ఆ పుస్తకంలో రాక్షసులు లేరు. ఈ ఊళ్ళో ముసాఫరులకి కావలసిన సామాను దొరుకుతుంది, ఆ ఊళ్ళో దొరకదు. ఇక్కడ దిగడానికి తోపు ఉంది, అక్కడ నీళ్ళకి ఇబ్బంది. దారి రాళ్ళదా, ఇసకదా, రేగడా. ఇవే రాసుకుంటూ పోయాడు. మొదటిసారి చదివితే విసుగే. కాసేపటికి అర్థమవుతుంది, వందమందిని పదిహేను నెలలు నడిపించడమంటే ఈ లెక్కలే. పొద్దుగూకేలోగా పొయ్యి వెలగకపోతే ఏ కత్తీ ఆ గుంపుని కాపాడలేదు.

మీ నవలలో నలుగురూ ఏం తింటున్నారు? ఎవరు మోస్తున్నారు? ఇది రాశారా?

కొండపల్లి బొమ్మ

"భోజనాలు ముగించి నిద్రించారు" అని రాశానండి.

పాత కాగితాలు

ఆ ఒక్క వాక్యంలో మీ నవల సగం పోయింది.

మీనాక్షి_వైజాగ్

నా అనుమానం, ఆ భోజనం మూలికల అమ్మాయే వండి ఉంటుంది. అవునా? దెబ్బ తగిలితే కట్టు కట్టేదీ ఆమే, వండేదీ ఆమే, విలుకాడు బాధపడితే ఓదార్చేదీ ఆమే. పైగా మీ పోస్టులో ఆమెకి పేరు కూడా లేదు.

కొండపల్లి బొమ్మ

పేరు ఉందండీ, చెంగలువ. మిగతాదంతా మీరన్నట్టే ఉంది.

మీనాక్షి_వైజాగ్

అయితే చెంగలువకి ఈ ప్రయాణంలో తనకంటూ ఒక పని ఇవ్వండి. నది ఎండితే ఒడ్డున మొలిచే మొక్కలు మొదట పోతాయి. ఆమె చదువంతా ఆ మొక్కల మీదే కదా. పైకి పోయేకొద్దీ ఏది చచ్చింది, ఏది ఇంకా పచ్చగా ఉందో చూసి నది ఎక్కడ తెగిందో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. అప్పుడు దారి చూపేది ఆమె అవుతుంది. వంట కుర్రాడికి ఇవ్వండి. దొంగకి ఉప్పు మూట అప్పజెప్పి చూడండి, సీను దానంతటదే వస్తుంది.

తిక్కన వీధి

చర్చ బాగుంది. నేను కొంచెం పెద్ద కథలోకి వెళ్తాను. ప్రయాణంలో తోడు అంటే మహాప్రస్థానం గుర్తు రావాలి మనకి. రాజ్యం వదిలి ఆరుగురు నడుస్తారు, వెనక ఒక కుక్క. ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. పడ్డప్పుడల్లా భీముడు అడుగుతాడు, ఎందుకు పడింది, ఎందుకు పడ్డాడు అని. ధర్మరాజు ఒక్కొక్కరి లోపం చెప్పి వెనక్కి చూడకుండా నడుస్తాడు. ఆఖర్న ఇంద్రుడు రథం తెస్తే, కుక్కని వదిలి రానంటాడు. వీరత్వం అంటే అది. కురుక్షేత్రంలో గెలిచింది కాదు, ఇది.

పాలమూరు పిల్లగాడు

నాకు చిన్నప్పటి నుంచి ఇది మింగుడు పడది సార్. భార్య పడిపోయింది, తమ్ముళ్ళు పడిపోయిన్రు. ఒక్కరి దగ్గర కూర్చోలే. కుక్క కోసం మాత్రం స్వర్గం వద్దన్నడు. ఇది తోడెట్ల అయితది?

తిక్కన వీధి

ఇంద్రుడు సరిగ్గా నీ ప్రశ్నే అడిగాడు నాయనా! భార్యనీ తమ్ముళ్ళనీ వదిలినవాడివి, కుక్కని వదలడానికేమని. ధర్మరాజు జవాబు ఏమిటంటే, వాళ్ళు చనిపోయారు, చనిపోయినవాళ్ళని బతికించే శక్తి నాకు లేదు. బతికుండగా వాళ్ళని వదల్లేదు. ఇది బతికుంది, నన్ను నమ్మి వచ్చింది.

పాలమూరు పిల్లగాడు

జవాబు లాయర్ జవాబులెక్క ఉంది సార్. భీముడు కిందపడి మాట్లాడుతనే ఉన్నడు గదా. బతికే ఉన్నట్టు గదా అప్పుడు.

తిక్కన వీధి

అది నిజంగా మంచి పాయింటు. భీముడు "నేనూ పడ్డాను, ఎందుకు" అని అడిగేదాకా స్పృహలోనే ఉన్నాడు. తిండి ఎక్కువ తిన్నావు, బలం చూసుకుని విర్రవీగావు అని జవాబు. చనిపోతున్న తమ్ముడికి చెప్పే మాట కాదు. దాన్ని నేను సమర్థించలేను. కానీ చూడు, ఇన్ని వందల ఏళ్ళుగా జనం ఆ దగ్గరే ఆగి పోట్లాడుకుంటున్నారు. ఆయన ఆగి ఏడ్చి ఉంటే మనం ఈ రాత్రి దీని గురించి మాట్లాడుకునేవాళ్ళమా?

సాహితి_ఖమ్మం

బొమ్మ గారికి ఇందులో దొరికేది వేరే. ఆ నడకలో ఆరుగురి పాత లెక్కలన్నీ బయటపడతాయి. ద్రౌపదికి అర్జునుడంటే ఎక్కువ ఇష్టం, నకులుడికి తన అందం మీద గర్వం, ఒక్కరోజులో శత్రువుల్ని కాల్చేస్తానన్న అర్జునుడి గొప్పలు. ఇవన్నీ ధర్మరాజుకి ముందే తెలుసు. తెలిసీ ఏళ్ళ తరబడి కలిసి బతికాడు. మీ నలుగురిలో ఒకరి లోపం ఇంకొకరికి తెలుసా? తెలిసీ నోరు మూసుకున్న సందర్భం ఒక్కటైనా ఉందా?

డాలస్ బాబాయ్

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ పొద్దున్నే ఇప్పుడు. భట్టిని అందరూ మర్చిపోయారేంటి?

విక్రమార్కుడికి వెయ్యేళ్ళు సింహాసనం మీద కూర్చునే వరం వస్తుంది. తమ్ముడు భట్టి కాళి దగ్గరికి పోయి తన ఆయుష్షు అడుగుతాడు. రెండు వేలు ఇస్తాను, విక్రమార్కుడి తల తెచ్చివ్వు అంటుంది. వెళ్ళి అన్నకి చెప్తే ఆయన మారు మాట్లాడకుండా తల ఇచ్చేస్తాడు. అది పట్టుకెళ్ళి భట్టి నవ్వుతాడు. ఎందుకు నవ్వావంటే, వెయ్యేళ్ళ వరం ఉన్నవాడి తల ఇవాళే తెగింది, నాకిచ్చిన రెండు వేలు ఏం నమ్మమంటావు తల్లీ అంటాడు. అమ్మవారు విక్రమార్కుణ్ణి లేపుతుంది. ఇక మిగిలింది వెయ్యికీ రెండు వేలకీ మధ్య తేడా. ఆరు నెలలు రాజ్యం, ఆరు నెలలు దేశసంచారం చెయ్యి, వరం సింహాసనం మీద కూర్చున్న రోజులకే కదా అని భట్టి లెక్క చెప్తాడు. ఇద్దరికీ రెండు వేలు సరిపోయాయి.

అంటే ఆ సాహసాలన్నీ, అడవులు తిరగడమంతా, తమ్ముడి కంటే ముందు అన్న పోకూడదని వేసిన ఎత్తు. ఇంతకంటే మంచి కారణం ఏ ప్రయాణ కథలో ఉంది చెప్పండి.

రెంటచింతల ఎండ

బాబాయ్, ఇది అదిరింది. తల ఇచ్చినవాడు గొప్పా, తల అడిగినవాడు గొప్పా?

డాలస్ బాబాయ్

అడిగినవాడే. ఇవ్వడం ఒక్క క్షణం ధైర్యం. అన్న తల చేత్తో పట్టుకుని గుడి దాకా నడవాలంటే, అమ్మవారితో వాదించి గెలుస్తాననే నమ్మకం ఎంత ఉండాలి! ఓడిపోతే?

మీనాక్షి_వైజాగ్

నేను ఒప్పుకోను బాబాయ్ గారూ. భట్టికి తెలివి మీద నమ్మకం. విక్రమార్కుడికి భట్టి మీద నమ్మకం. రెండోదే కష్టం.

చందమామ పాతసంచిక

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. చందమామ జానపద సీరియళ్ళు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు దాదాపు పాతికేళ్ళు వరసగా రాశారు. అప్పట్లో సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు, చదివిన పిల్లలకి ఎవరు రాశారో తెలియదు. చిత్రా గారి బొమ్మలు మాత్రం కళ్ళలో ఉండిపోయాయి.

వాటిలో చాలాసార్లు వీరులు జంటగా ఉంటారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకడి దగ్గర కత్తి, ఇంకొకడి దగ్గర మంత్రదండం. ఖడ్గవర్మ తొందరపడతాడు, జీవదత్తుడు ఆపుతాడు. నెల నెలా ఏదో ఒక ప్రమాదం దగ్గర ఆగిపోయేది. ఎండ గారు అడిగిన ఫైట్లు ఇందులో కావలసినన్ని. తోడు ఎక్కడ కనపడుతుందంటే, దారిలో ఎదురుపడ్డ శత్రువు కూడా కొన్ని వారాలకి వీళ్ళ వెంట నడుస్తుంటాడు. ఎవణ్ణీ ఊరికే చంపి పారేయరు. నాకైతే అదే ఆ సీరియళ్ళ గుండెకాయ.

మోడరేటర్

చందమామ పీడీఎఫ్ లింకులు అడుగుతూ వచ్చిన నాలుగు కామెంట్లు తీసేశాను. ఆ చర్చ వేరే థ్రెడ్‌లో ఉంది. ఇక్కడ ప్రయాణం సంగతే మాట్లాడండి.

గోదారి గట్టు

పంచతంత్రంలో తాబేలు గురించి ఒక్క ముక్క చెప్పి పడుకుంటాను. కాకి, ఎలుక, లేడి, తాబేలు స్నేహం అందరికీ తెలిసిందే. లేడి ఉచ్చులో పడుతుంది. కాకి ఎగిరి చూసొస్తుంది, ఎలుకని మోసుకుపోతుంది, ఎలుక తాళ్ళు కొరుకుతుంది. తాబేలు చేయగలిగిందేమీ లేదు. చెరువులో ఉంటే క్షేమం. అయినా ఉండలేక పాక్కుంటూ వస్తుంది. దానివల్ల ఏం ఒరిగింది? ఏమీ లేదు, పైగా వేటగాడికి అదే దొరికింది, మిగతా ముగ్గురికీ ఇంకో పని పెట్టింది. ఎలుకైతే ఎందుకొచ్చావని మందలిస్తుంది కూడా.

తెలివితక్కువ పనే. కానీ ఆ కథలో నాకు ఇష్టమైన వీరుడు ఆ తాబేలే. మీ ముసలి జంగమయ్యని చంపకండి. ఆయన్ని అలా పనికిరాని చోటికి పరిగెత్తించండి.

కొండపల్లి బొమ్మ

ఇన్ని చెప్పారు, చాలా థాంక్స్ అందరికీ. శాపం సగంలో తీసేస్తున్నాను. నది మధ్యకి వచ్చేసరికి అది విరిగిపోతుంది, విరిగినట్టు మొదట కుర్రాడికే తెలుస్తుంది. వాడు ఎవరికీ చెప్పడు. ఆ రాత్రి నూటొకటో అడుగు వేసి చూస్తాడు. రాయి కాడు. అక్కడి నుంచి ఏం చేస్తాడన్నది నాకింకా తేలలేదు.

ఒక సాయం కావాలి. దారంతా ఎండిన నదిలోనే. నీళ్ళ కోసం ఏం చేస్తారు? ఆ పనిలోనే సీను పెడదామని ఉంది.

పాలమూరు పిల్లగాడు

ఇది నన్నడుగు అన్నా. చెలిమె తవ్వుతరు. ఇసుక నది పైకి ఎండినా లోపల తడి ఉంటది. చేతులతోనో చిప్పతోనో తవ్వుకుంటా పోవాలె. మోచేతి లోతుల దొరకొచ్చు, నడుము లోతు పోయినా దొరకకపోవచ్చు. నిలువుగ తవ్వితే ఇసుక కూలుతది, అందుకని వెడల్పు ఎక్కువ తీసి వాలుగ దిగాలె. ఒక్కనితోని కాదు. ఒకరు తవ్వుతుంటే ఇంకొకరు ఇసుక దూరం జరపాలె, లేకుంటే మళ్ళ లోపలికే వస్తది. ఊట మెల్లగ వస్తది, నలుగురికి కడుపునిండా కావాలంటే సగం రాత్రి అక్కడనే.

పాత కాగితాలు

ఇంకేం, సీను తయారు. సగం రాత్రి, నలుగురు, ఒక గుంట, ఒక చిప్ప.

కొండపల్లి బొమ్మ

అయితే ఇలా. చెలమ తవ్వుతారు. అందరూ అలిసిపోయి పడుకుంటారు. మొదట ఊరిన నీళ్ళు కుర్రాడు దొంగతనంగా తాగేసి పారిపోతాడు, తర్వాత సిగ్గుపడి తిరిగొస్తాడు.

పాలమూరు పిల్లగాడు

అట్ల కుదరదన్నా. మొదట ఊరేది బురద. ఎవరూ తాగరు. దాన్ని తోడి బయట పోయాలె, మళ్ళ ఊరినంక తేటపడేదాక చూడాలె, అప్పుడు ముంచుకోవాలె. దొంగతనం చేసేటోడు కూడ ముందు కూర్చుని తోడాల్సిందే.

సాహితి_ఖమ్మం

ఇంకా మంచిది కదా! పారిపోదామనుకున్నవాడు తన కోసమే బురద తోడుతూ కూర్చుంటాడు. తేటపడేసరికి తెల్లారుతుంది. జంగమయ్యకి మెలకువ వస్తుంది, వీడు రాత్రంతా అందరి కోసం మేలుకున్నాడనుకుంటాడు. వాడు కాదనడు.

మీనాక్షి_వైజాగ్

చెంగలువకి మాత్రం విషయం తెలుసు. గట్టున వాడి మూట కట్టి ఉండటం ఆమె చూసింది. అడగదు.

కొండపల్లి బొమ్మ

ఈ అధ్యాయం ఆదివారం లోపు పెడతాను. పాలమూరు తమ్ముడూ, చిప్ప అంటే కొబ్బరిచిప్పేనా? వీళ్ళు ఉన్నచోట కొబ్బరి చెట్లు ఉండవు మరి.

పాలమూరు పిల్లగాడు

సొరకాయ బుర్ర పెట్టు. జంగమయ్య దగ్గర ఎట్లైనా ఉంటది.